ఫ్రాన్స్ పల్లెటూరి హోటళ్ళు: గది కంటే ముందు వంటగది చూడండి

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. సెప్టెంబర్‌లో మీ దంపతులు, ఎనిమిదేళ్ళ పాప, మీ అమ్మగారు, నాన్నగారు కలిసి పది రాత్రులకు ఫ్రాన్స్ వస్తున్నారు. మూడు రాత్రులు పారిస్‌లో, మిగతా ఏడు రాత్రులు పల్లెల్లో ఉండాలనుకుంటున్నారు. ఆ ఏడు రాత్రులకు లువార్ నది ఒడ్డు కోటల దగ్గర్నుంచి తూర్పున జర్మనీ సరిహద్దులోని అల్సాస్ దాకా ఏడు ఊళ్ళు రాసుకున్నారు. బుకింగ్ సైట్‌లో ప్రతి హోటలూ రాతిగోడలు, పూలతీగలతో ఒకేలా ముద్దుగా కనిపిస్తోందని, ఏది మంచిదో తేల్చుకోలేకపోతున్నామని, అమ్మగారు మాంసమే కాదు గుడ్డు కూడా ముట్టరని రాశారు.

నేను లియోన్‌లో ఉంటాను. మనవాళ్ళు ఎవరొచ్చినా పల్లెల్లో బస చూసిపెట్టే పని చాలా ఏళ్ళుగా నాదే. ఇష్టంగా చేస్తాను కూడా. అందుకే ముందు మీకు నచ్చని మాట చెప్పేస్తాను: ఏడు ఊళ్ళలో అయిదు కొట్టేయండి. రెండు చోట్ల ఉండండి, ఒక చోట మూడు రాత్రులు, ఇంకో చోట నాలుగు. పెద్దవాళ్ళతో రోజూ పెట్టెలు సర్దుకుని, రెండొందల కిలోమీటర్లు కారులో కూర్చుని, సాయంత్రానికి కొత్త ఊళ్ళో కొత్త మెట్లు ఎక్కడం మొదలుపెడితే మూడో రోజుకే అందరికీ విసుగొస్తుంది. అంతకంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. ఈ పల్లెటూరి హోటళ్ళ మంచితనం మొదటి రాత్రి సగమే తెలుస్తుంది. రెండో రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడు వాళ్ళకు మీ ముఖాలు గుర్తుంటాయి, అమ్మగారు ఏం తినరో గుర్తుంటుంది, పాపకు నిన్న ఏ ఐస్‌క్రీమ్ నచ్చిందో కూడా గుర్తుంటుంది.

ఇక ఎంచుకోవడం ఎలా అన్నది. గది ఫోటోలు పక్కన పెట్టి, అక్కడ రాత్రి భోజనం ఎవరు వండుతున్నారో చూడండి. ఫ్రాన్స్‌లో ఓబెర్జ్ అనేది మన పాతకాలపు పూటకూళ్ళ ఇంటిలాంటిది. భోజనం ముందు, పడక తర్వాత. గుర్రపు బళ్ళ రోజుల్లో పెద్ద రోడ్ల మీద మజిలీకో ఇల్లు ఉండేది. గుర్రాలు మార్చుకోవడానికి ఆగిన ప్రయాణికులకు అన్నం పెట్టి, పైన గది ఇచ్చేవాళ్ళు. రైళ్ళు వచ్చాక ఆ గుర్రాల తపాలా వ్యవస్థ 1873లో మూతపడింది కానీ చాలా ఇళ్ళు హోటళ్ళుగా మిగిలాయి. ఇప్పటికీ చిన్న ఊళ్ళ నడిబొడ్డున 'పోస్ట్ హోటల్', 'తెల్ల గుర్రం' లాంటి పేర్లు కనిపిస్తాయి. తర్వాత కార్లు వచ్చాయి. టైర్లు అమ్ముకునే మిషెలిన్ కంపెనీ 1900లో కారు యజమానుల కోసం గైడ్ పుస్తకం వేసింది, 1926 నుంచి మంచి భోజనం పెట్టే చోట్లకు నక్షత్రం ఇవ్వడం మొదలుపెట్టింది. 1936లో కార్మికులకు జీతంతో కూడిన రెండు వారాల సెలవు చట్టమైంది. పారిస్ నుంచి దక్షిణ సముద్రతీరానికి వెళ్ళే పాత జాతీయ రహదారి పొడవునా ఈ హోటళ్ళకు మంచి రోజులొచ్చాయి. ఆ దారిలోనే 1954లో ఎనిమిది హోటళ్ళు కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డాయి. ఇవాళ ప్రపంచమంతా ఖరీదైన బసకు పేరుగా తెలిసిన 'రెలే ఎ షాతో'కు మొదలు అదే.

1970 నాటికి పారిస్ నుంచి లియోన్ మీదుగా మార్సేయ్ దాకా ఎక్స్‌ప్రెస్‌వే పూర్తయింది. ఊరి మధ్యలోంచి వెళ్ళే కార్లన్నీ ఊరి బయటనుంచి దూసుకుపోవడం మొదలైంది. పాత రోడ్డు మీది హోటళ్ళు చాలా మూతపడ్డాయి. మిగిలినవాటిలో ఎక్కువ భాగం నిలబడింది వంట వల్లే. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం కుటుంబంతో వచ్చి తినే ఇల్లయితే అది బతికింది. కాబట్టి మీరు వెతకాల్సింది అలాంటి ఇల్లు. అక్కడి జనం తినడానికి వచ్చే చోట గది ఉంటే తీసుకోండి.

దాన్ని దూరం నుంచి గుర్తుపట్టడం మరీ కష్టమేం కాదు. గదులు ఎనిమిది నుంచి ఇరవై దాకా ఉంటాయి. వెబ్‌సైట్‌లో భార్యాభర్తల ఫోటో ఉంటుంది, ఒకరు వంటగదిలో, ఒకరు హాల్లో. మెనూ చిన్నది, సీజన్‌ను బట్టి మారుతుంది. నాలుగు పేజీల మెనూ ఉంటే ఫ్రీజర్ పెద్దదని అర్థం చేసుకోండి. అక్కడే వండిన పదార్థాల పక్కన గిన్నె మీద ఇంటి కప్పు ఉన్న చిన్న బొమ్మ వేస్తారు, 2014 నుంచి దానికి చట్టబద్ధమైన నియమాలున్నాయి. 'మేత్ర్ రెస్తొరతేర్' అన్న ఫలకం తలుపు దగ్గర ఉంటే అది ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, వంటకు సంబంధించినది. వారానికి ఒకటిన్నర రోజు సెలవు, జనవరిలోనో నవంబర్‌లోనో కొన్ని వారాలు పూర్తిగా మూసివేత అని రాసి ఉంటే భయపడకండి. సొంతంగా వండుకునే మనుషులు నడిపే ఇల్లని దానర్థం. రివ్యూలు చదివేటప్పుడు ఫ్రెంచ్‌వాళ్ళు ఫ్రెంచ్‌లో రాసినవి ట్రాన్స్‌లేట్ చేసుకుని చదవండి. వాళ్ళు గది గురించి ఒక ముక్క, భోజనం గురించి పది ముక్కలు రాస్తారు.

నక్షత్రాల మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవద్దు. హోటల్‌కి ఇచ్చే ఒకటి నుంచి అయిదు నక్షత్రాలు ప్రభుత్వ పద్ధతిలో సౌకర్యాలను లెక్కేసి ఇచ్చేవి: గది వైశాల్యం, రిసెప్షన్ ఉండే వేళలు, భాషలు ఇలాంటివి. మిషెలిన్ నక్షత్రం వేరు, అది పూర్తిగా వంటకు. రెండు నక్షత్రాల హోటల్లో అద్భుతమైన భోజనం దొరకడం ఇక్కడ మామూలు విషయం. కుటుంబ హోటళ్ళ కోసం నేను ముందు చూసేది 'లోజీ' సంఘం జాబితా. 1949లో మొదలైంది, పల్లెల్లోని చిన్న హోటళ్ళు చేతులు కలిపి పెట్టుకున్నది. హోటల్‌కి పొగగొట్టం బొమ్మలు, రెస్టారెంట్‌కి వంటగిన్నె బొమ్మలు ఇస్తారు. నేనైతే గిన్నెల సంఖ్యనే చూస్తాను.

మీరు ఇంకో మాట అడిగారు, 'షాంబ్ర్ దోత్' అంటే హోటలేనా అని. కాదు. అది ఎవరో ఒకరి ఇల్లు. చట్టప్రకారం అయిదు గదులు, పదిహేను మంది అతిథులకు మించకూడదు, పొద్దుటి ఫలహారం ధరలోనే కలిసి ఉండాలి, ఇంటివాళ్ళే స్వయంగా ఆహ్వానించాలి. కొందరు రాత్రి భోజనం కూడా పెడతారు, దాన్ని 'తాబ్ల్ దోత్' అంటారు. అందరికీ ఒకటే వంట, తరచూ ఒకటే పొడుగాటి బల్ల, ఇంటివాళ్ళూ మీతోపాటే కూర్చుంటారు. ముందురోజే చెప్పాలి, రోజూ పెట్టరు. ఫ్రెంచ్ కొద్దిగా వచ్చినా, ఇంటివాళ్ళకు ఇంగ్లిష్ వచ్చినా ఇంతకంటే మంచి సాయంత్రం ఉండదు. భాష రాకపోతే మాత్రం రెండు గంటలపాటు ఆ బల్ల దగ్గర కూర్చోవడం మీ నాన్నగారికి ఇబ్బందే.

'జీత్' ఇంకో రకం. పల్లెటూళ్ళో వంటగదితో సహా మొత్తం ఇల్లో, ఇంట్లో ఒక భాగమో అద్దెకిస్తారు. ఈ పద్ధతి యుద్ధం తర్వాత, 1950ల మొదట్లో వచ్చింది. పల్లెల్లో ఖాళీ అవుతున్న ఇళ్ళను బాగుచేసి పట్నంవాళ్ళకు సెలవుల్లో అద్దెకిస్తే రైతులకు ఆదాయం, పట్నంవాళ్ళకు చవగ్గా సెలవు అని మొదలుపెట్టారు. 'జీత్ ద ఫ్రాన్స్' వాళ్ళు నక్షత్రాల బదులు గోధుమ కంకులు ఇస్తారు. వేసవిలో శనివారం నుంచి శనివారం దాకా వారం మొత్తం తీసుకోవాలంటారు. సెప్టెంబర్‌లో మూడు నాలుగు రాత్రులకు ఒప్పుకునేవాళ్ళు చాలామందే దొరుకుతారు. దుప్పట్లు, తువ్వాళ్ళు, వెళ్ళేటప్పుడు శుభ్రం చేయించడానికి ఖర్చు వేరుగా ఉంటాయేమో ముందే అడగండి.

కోటలో ఉండాలని పాప సరదా పడుతోందని రాశారు. ఒక మధ్యాహ్నం కోట చూపించండి చాలు, రాత్రి బసకు వద్దు. కోట హోటళ్ళు చాలా అందంగా ఉంటాయి, కాదనను. కానీ చాలావాటిలో రాత్రి భోజనం ఉండదు. చీకట్లో పొలాల మధ్య సన్నటి రోడ్డు మీద పదీ పదిహేను కిలోమీటర్లు వెళ్ళి తినిరావాలి. లిఫ్ట్ ఉండదు, మెట్లు ఎత్తుగా, గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారికి అది శిక్ష.

ఇప్పుడు అసలు సమస్య, అమ్మగారి భోజనం. దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువ టెన్షన్ పడేదీ, సరిగ్గా చెప్పుకోలేకపోయేదీ ఇక్కడే.

'వెజిటేరియన్' అన్న ఒక్క మాటతో ఆగిపోకండి. ఫ్రెంచ్‌వాళ్ళ లెక్కలో వెజిటేరియన్ గుడ్డు తింటాడు. పల్లెల్లో కొందరి లెక్కలో చేప కూడా తింటాడు. పచ్చి ఆకుల సలాడ్ అడిగితే మీద వేయించిన పంది మాంసం ముక్కలు చల్లి తెస్తారు, వాటిని లార్దోఁ అంటారు. వాళ్ళ దృష్టిలో అది పోపు వేసినంత చిన్న విషయం, మోసం కాదు. ఉల్లిపాయ సూప్ చాలాచోట్ల గొడ్డు మాంసం ఎముకల రసంతో చేస్తారు. బంగాళాదుంప వేపుడు బాతు కొవ్వులో వేయించి ఉండొచ్చు. కీష్ అనే ఉప్పటి టార్ట్‌లో గుడ్డు తప్పనిసరి. క్రెమ్ బ్రూలే అనే మీగడ తీపివంట, కస్టర్డ్, బ్రియోష్ అనే మెత్తటి తీపి రొట్టె, అన్నిటిలో గుడ్డే. అందుకని బుక్ చేసేటప్పుడే మెయిల్ రాయండి. మాంసం, చేప, గుడ్డు తినని ఒకరున్నారని, మాంసం రసం, జంతువుల కొవ్వు కూడా వద్దని, పాలు, వెన్న, మీగడ, కూరగాయలు, పప్పులు అన్నీ తింటారని విడివిడిగా రాయండి. తినేవి ఏమిటో రాయడం చాలా ముఖ్యం. అది చదివాక వంటవాడికి దారి దొరుకుతుంది. ఫ్రెంచ్‌లోకి మార్చి పంపండి, ఆ కాగితం ప్రింట్ తీసి అమ్మగారి హ్యాండ్‌బ్యాగ్‌లో కూడా ఒకటి పెట్టండి. చేరిన రోజు సాయంత్రం, బల్ల దగ్గర కూర్చోకముందే, ఇంకోసారి గుర్తుచేయండి.

అలా చెబితే ఏం జరుగుతుందో ఒకటి చెబుతాను. ద్రాక్షతోటలకు పేరున్న బర్గండీ ప్రాంతంలో ఒక చిన్న ఓబెర్జ్‌కి మా పిన్నిగారిని తీసుకెళ్ళాను. బర్గండీ వంట శాకాహారులకు ఏమాత్రం అనుకూలం కాదు. నత్తలు, వైన్‌లో ఉడికించిన గొడ్డు మాంసం, వైన్ సాస్‌లో గుడ్లు, పేరున్న వంటలన్నీ ఇవే. మెయిల్ రాసి వారమైంది. మేం వెళ్ళేసరికి వంటాయన ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, 'పప్పు తినే మేడమ్ ఎవరు' అని అడిగాడు. ఆ రాత్రి ఆవిడకు పెట్టింది ఇది: సన్నగా తరిగిన గుమ్మడి ముక్కలు వెన్నలో మగ్గించి, ఆకుపచ్చ ప్యుయ్ పప్పు కొద్దిగా ఆవాల ముద్దతో కలిపి, పక్కన మీగడతో ఓవెన్‌లో పెట్టిన బంగాళాదుంప పొరలు. ఆ పప్పు ఫ్రాన్స్ మధ్యభాగంలో అగ్నిపర్వతపు నేలల్లో పండుతుంది. ఉడికినా మెత్తబడి కలిసిపోదు, గింజ గింజగా నిలుస్తుంది. దిజోన్ ఆవముద్ద ఘాటు తగిలేసరికి పిన్నికి ప్రాణం లేచొచ్చింది. రెండోసారి వడ్డించమంది. మర్నాడు రాత్రి అడక్కుండానే పుట్టగొడుగులతో ఇంకోటి చేశాడు.

చీజ్ విషయంలో మాత్రం అమ్మగారికి ముందే చెప్పండి. భోజనం చివర తోపుడు బండి మీద పదీ పన్నెండు రకాలు తెచ్చి ఎదురుగా నిలబెడతారు, చూడ్డానికి పండగలా ఉంటుంది. కానీ చాలా సంప్రదాయ చీజులు పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడి చేస్తారు. 'కోంతే' (Comté) లాంటి పేరున్న చీజుల్లో అది నియమం కూడా. కొందరు శాకాహారులు దీన్ని పట్టించుకోరు, కొందరికి ఇది పెద్ద విషయం. నిర్ణయం ఆవిడది. పొద్దుటి ఫలహారంలో ఇబ్బంది తక్కువ. 'త్రదిస్యోఁ' అనే బగెట్ రొట్టెలో పిండి, నీళ్ళు, ఉప్పు, ఈస్ట్ తప్ప దాదాపు ఏమీ ఉండకూడదని 1993 నాటి ఉత్తర్వు ఉంది. రొట్టె, వెన్న, ఇంట్లో చేసిన జామ్, పళ్ళు, పెరుగు హాయిగా తినొచ్చు. క్రువాసాఁ పైన ఆ నిగనిగ రావడానికి సాధారణంగా గుడ్డు పూస్తారు, అది గుర్తుంచుకోండి.

ఇవన్నీ చూసుకుని మీకు నేను చెప్పే ప్లాన్ ఇది. పారిస్ నుంచి బర్గండీలోని దిజోన్‌కి టీజీవీ అనే హైస్పీడ్ రైలు, సుమారు గంటా నలభై నిమిషాలు. అక్కడ కారు తీసుకుని బోన్ అనే చిన్న పట్నం చుట్టుపక్కల ఒక పల్లెలో వంట బాగున్న ఓబెర్జ్‌లో మూడు రాత్రులు. ద్రాక్షతోటల మధ్య ఊరికీ ఊరికీ నాలుగైదు కిలోమీటర్లే, అందుకని పెద్దవాళ్ళకు ప్రయాణ బడలిక ఉండదు. బోన్ ఊళ్ళో 1443లో పేదల కోసం కట్టించిన ఆసుపత్రి ఉంది. రంగురంగుల పెంకుల కప్పు, లోపల వరసగా ఎర్ర తెరల మంచాలు, పెద్ద వంటశాల. అది పాపకీ, నాన్నగారికీ కూడా నచ్చుతుంది. ఏడాదిని బట్టి మీరు వెళ్ళే రోజుల్లో ద్రాక్ష కోతలు జరుగుతుండొచ్చు. అప్పుడు గదులు దొరకడం కష్టం, అందుకని ఇప్పుడే మెయిల్ పెట్టండి.

తర్వాత కారులో సుమారు మూడు గంటల ప్రయాణం చేసి అల్సాస్ చేరండి. అక్కడ నాలుగు రాత్రులు హోటల్ కాకుండా జీత్ తీసుకోండి. మూడు రోజులు వరసగా ఫ్రెంచ్ భోజనం తిన్నాక అమ్మగారికి కాస్త అన్నం, చారు చేసుకునే పొయ్యి దొరకాలి. మీరు ఎంత మంచి హోటల్ చూసినా ఆ తృప్తి రాదు. కొల్మార్ దగ్గర ఎగిసైమ్, రిక్‌విర్, కైజర్స్‌బర్గ్ లాంటి చెక్క చట్రాల రంగు ఇళ్ళ ఊళ్ళన్నీ ఒకదానికొకటి దగ్గరే. ఆ ఊళ్ళను కలుపుతూ వెళ్ళే 170 కిలోమీటర్ల వైన్ రోడ్డును 1953లో ప్రారంభించారు. సరిగ్గా పేరున్న ఊరి నడిమధ్యలో కాకుండా పక్క ఊళ్ళో ఇల్లు తీసుకుంటే అద్దె తగ్గుతుంది, కారు పెట్టుకోవడానికి చోటూ ఉంటుంది.

అక్కడుండగా ఒక మధ్యాహ్నం కొండ మీదికి వెళ్ళండి. మున్‌స్టర్ లోయ పైన, వోజ్ కొండల్లో 'ఫెర్మ్ ఓబెర్జ్'లు ఉన్నాయి. ఆవుల్ని మేపుకుని, చీజ్ చేసుకుని, తమ పొలంలో వచ్చినదాన్నే ఎక్కువగా వండిపెట్టే రైతుల ఇళ్ళు. ఎండాకాలం కొండ మీద, చలికాలం కింద. మే నుంచి అక్టోబర్ దాకా ఎక్కువగా తెరిచి ఉంటాయి. కొండల శిఖరాల వెంబడి వెళ్ళే ఆ రోడ్డు మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం వేసింది. కారు దిగగానే ఆవు మెడలోని గంటల చప్పుడు, కట్టెల పొగ వాసన. బల్లలు మోటుగా ఉంటాయి, మెనూ అంటూ పెద్దగా ఉండదు. ముందు మాంసం కూరిన పిండివంట, ఆ తర్వాత ఇనుప గిన్నెలో ఉల్లిపాయలు, వెన్నతో గంటలకొద్దీ సన్నటి సెగ మీద మగ్గిన బంగాళాదుంపలు, దాని పక్కన పొగబెట్టిన పంది మాంసం, ఆ తర్వాత ఘాటు వాసన కొట్టే మున్‌స్టర్ చీజ్, చివర అడవి బ్లూబెర్రీల టార్ట్. ఆ బంగాళాదుంపలు గిన్నె అడుగున బంగారు రంగు వచ్చి, పైన మెత్తగా విడిపోతూ ఉంటాయి. మాడీ మాడకుండా ఉన్న ఆ అడుగు పొర కోసం బల్ల దగ్గర పోటీ పడతారు. మామూలుగా అందులో పంది మాంసం ముక్కలు వేస్తారు. రెండు రోజుల ముందు ఫోన్ చేస్తే కొందరు అవి లేకుండా వేరే చిన్న గిన్నెలో చేసిపెడతారు. కుదరదంటే అమ్మగారికి సలాడ్, రొట్టె తప్ప ఏమీ ఉండవు కాబట్టి ఆ రోజు ఆవిడకు ఇంటి నుంచే టిఫిన్ తీసుకెళ్ళండి. లోపల బల్ల దగ్గర విప్పేముందు వాళ్ళనోసారి అడగండి.

వేళల సంగతి గట్టిగా పట్టించుకోండి. పల్లెల్లో మధ్యాహ్నం భోజనం పన్నెండు నుంచి ఒకటిన్నర, మహా అయితే రెండు. రెండూ పదికి వెళ్తే వంటగది కట్టేసి ఉంటుంది, బతిమాలినా లాభం ఉండదు. రాత్రి ఏడున్నరకు మొదలు, ఎనిమిదిన్నర దాటితే కొత్తవాళ్ళను కూర్చోనివ్వరు. భోజనం రెండు గంటలు పడుతుంది. పాపకు నిద్రొస్తే ఆమెకు ముందే పెట్టేయమనండి, సంతోషంగా పెడతారు. ఆదివారం రాత్రి, సోమవారం చాలా రెస్టారెంట్లు మూత. మీ ప్లాన్‌లో ఆదివారం రాత్రి హోటల్ బస పడితే ముందే అడగండి. భోజనం లేదంటే పొద్దున సంతలో రొట్టె, టమాటాలు, పళ్ళు, చీజ్ కొనుక్కుని తోటలో బల్ల మీద తినొచ్చా అని అడిగితే సాధారణంగా ఒప్పుకుని పళ్ళేలు కూడా ఇస్తారు. గదిలో తినడం, ముఖ్యంగా కుక్కర్, ఇండక్షన్ స్టవ్ పెట్టడం మాత్రం వద్దు. పాత చెక్క ఇళ్ళు, నిప్పంటే వాళ్ళకు ప్రాణభయం. వాసన పరదాలకు పట్టేస్తే తర్వాత వచ్చే మనవాళ్ళకు గది ఇవ్వరు.

మధ్యాహ్నం పూట రిసెప్షన్‌లో ఎవరూ ఉండరు. నాలుగైదు గంటలకు మళ్ళీ తెరుస్తారు. ఏడు దాటి వస్తుంటే ఫోన్ చేసి చెప్పాలి, లేకపోతే తలుపు వేసుకుని వంటలో పడిపోతారు.

గదుల గురించి మీకు తెలియాల్సింది కొంచెమే. 'డబుల్ బెడ్' అంటే చాలాచోట్ల 140 సెంటీమీటర్ల వెడల్పు, ఇద్దరికి సరిపోతుంది కానీ మధ్యలో పాప పట్టదు. మీ ముగ్గురికీ ఫ్యామిలీ గది, అమ్మానాన్నలకు విడి మంచాలున్న గది కింది అంతస్తులో కావాలని మెయిల్‌లోనే అడగండి. ఏసీ ఉండకపోవచ్చు, సెప్టెంబర్‌లో అవసరం కూడా పడదు. మందపాటి రాతిగోడలు, చెక్క కిటికీ రెక్కలు చాలు. ఆ రెక్కలు పూర్తిగా మూసుకుంటే పట్టపగలు కూడా చిమ్మచీకటే. కెటిల్ ఉండకపోవచ్చు, టీ తాగే పెద్దవాళ్ళుంటే చిన్నది తెచ్చుకోండి. చర్చి గంట రాత్రంతా గంటగంటకూ కొట్టే ఊళ్ళున్నాయి. నిద్ర పలచనైన నాన్నగారికి చర్చి వైపు కాకుండా తోట వైపు గది అడగండి.

ఖర్చు సుమారుగా చెబుతాను. ఇలాంటి రెండు మూడు నక్షత్రాల కుటుంబ హోటల్లో ఇద్దరికి గది 80 నుంచి 130 యూరోలు. ఫలహారం తరచూ విడిగా, మనిషికి 10 నుంచి 16. రాత్రి మూడు విడతలుగా వడ్డించే భోజనం 28 నుంచి 40, పిల్లలకు సగం లోపే. మీ అయిదుగురికి రెండు గదులు, ఫలహారం, రాత్రి భోజనం కలిపి రోజుకు 400 నుంచి 450 యూరోలు వేసుకోండి. గది, ఫలహారం, రాత్రి భోజనం కలిపి ఇచ్చే 'దెమీ పాంస్యోఁ' ధర అడగండి, రెండు మూడు రాత్రులుంటే అదే లాభం. పెద్దవాళ్ళకు రాత్రికింత చొప్పున ఊరి పన్ను చిన్న మొత్తం వేస్తారు, పాపకు ఉండదు. టిప్ బిల్లులోనే కలిసి ఉంటుంది, బాగా చూసుకున్నారనిపిస్తే పైన కొంత పెట్టొచ్చు, తప్పనిసరి కాదు. నీళ్ళు అడిగితే బాటిల్ తెచ్చి బిల్లేస్తారు. 'కరాఫ్ దో' అనండి, కుళాయి నీళ్ళు ఉచితం, తాగడానికి మంచివే.

బుకింగ్ సైట్‌లో చూడండి, కానీ మెయిల్ మాత్రం హోటల్‌కే రాయండి. 2015లో వచ్చిన చట్టం తర్వాత సైట్‌లో ఉన్న ధరకంటే తక్కువకు ఇచ్చే స్వేచ్ఛ హోటళ్ళకు ఉంది. సైట్‌కి ఇవ్వాల్సిన కమిషన్ వాళ్ళకు మిగులుతుంది కాబట్టి మంచి గది కూడా మీకే ఇస్తారు. అడ్వాన్స్ అడిగితే దాన్ని 'అర్' అని రాశారా, 'అకోంత్' అని రాశారా చూసుకోండి. మొదటిదైతే మీరు మానుకుంటే ఆ డబ్బు పోతుంది, అంతే. వాళ్ళు మానుకుంటే రెట్టింపు తిరిగివ్వాలి. రెండోదైతే మొత్తం బస ఖర్చుకు మీరు కట్టుబడినట్టే. వీసా కోసం ప్రతి రాత్రికీ బస రుజువు కావాలి. నేరుగా బుక్ చేసిన చోట్ల అందరి పేర్లు, తేదీలతో కన్ఫర్మేషన్ మెయిల్ పంపమంటే పంపుతారు. వీసా రాకపోతే డబ్బు తిరిగొచ్చేలా ముందే ఒప్పించుకోండి.

జీత్‌లో వండుకోవడానికి సరుకులు తెచ్చుకునేటప్పుడు ఒక సంగతి. బయటి దేశాల నుంచి యూరప్‌లోకి పాలతో చేసినవీ, మాంసంతో చేసినవీ సామానులో తేకూడదు. అంటే నెయ్యి, పాలకోవా రెండూ ఆగిపోతాయి. పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు. కందిపొడి, చారుపొడి, పోపు సామాను తెచ్చుకోండి చాలు. బియ్యం, పెరుగు, కూరగాయలు ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతాయి, ఇక్కడి వెన్న కాచుకుంటే మంచి నెయ్యి వస్తుంది. ఆదివారం మధ్యాహ్నం తర్వాత పల్లెల్లో షాపులు ఉండవు, శనివారమే కొనిపెట్టుకోండి.

కారు ఆటోమేటిక్ కావాలని ప్రత్యేకంగా అడగండి, లేకపోతే గేర్లది ఇస్తారు. అయిదుగురికి నాలుగు పెద్ద పెట్టెలతో మామూలు కారు చాలదు. దిజోన్‌లో తీసుకుని కొల్మార్‌లోనో స్ట్రాస్‌బర్గ్‌లోనో వదిలేస్తే అదనపు చార్జీ ఉంటుంది, అయినా వెనక్కి నడుపుకుంటూ రావడం కంటే అదే నయం. స్ట్రాస్‌బర్గ్ నుంచి పారిస్‌కి టీజీవీలో రెండు గంటల లోపే. ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకురండి. ఎర్ర అంచుతో ఊరి పేరు బోర్డు కనబడితే అక్కడ్నుంచి యాభై దాటకూడదని గుర్తు, వేరే బోర్డు పెట్టరు. ఊళ్ళ మధ్య రోడ్లలో ఎక్కువచోట్ల 80. కుడివైపు సందులోంచి వచ్చే కారుకు చాలా పల్లెల్లో ఇప్పటికీ ముందు దారి ఇవ్వాలి, సందు ఎంత చిన్నదైనా సరే. కొత్తలో మనవాళ్ళు గుద్దించుకునేది అక్కడే.

తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి. బోన్ చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఏ రోజు వంటగది తెరిచి ఉంటుందో చూసి, ఫ్రెంచ్‌లో మెయిల్ రాసిపెడతాను.